పుస్తకాల ఉట్టి

మా మామగారు మొన్న శనివారం పొద్దున కన్నుమూశారు. ఆదివారం కాని రోజున ప్రార్థన మందిరం గంట మోగితే ఎందుకని మా పేటలో ఎవరూ అడగరు. పైగా ఇన్నేళ్ళూ ఆ గంట కొట్టిన మనిషి ఆయనే. ఆవేళ వేరే చెయ్యి కొడుతుంటే ఆ తేడా వినగానే జనం పనులు ఎక్కడివక్కడ వదిలి మా వాకిట్లోకి వచ్చేశారు. కాలవ లాకుల దగ్గర పనిలో ఉన్న నా భర్తకు కబురు అంది, ఆయన గట్టు వెంట పరుగున వచ్చేసరికి ఎండెక్కింది.

చదువరులు నన్ను మన్నించాలి. పెద్దవారు పోయినప్పుడు వారి గురించి నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద. నాకూ రాయాలనే ఉంది. మా పేటలో అక్షరం ముక్క వచ్చిన ప్రతివాడికీ ఆ ముక్క ఆయన పెట్టిందే. కానీ కలం పట్టుకుంటే దుఃఖం కంటే ముందు విసుగే వస్తోంది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆయనకూ నాకూ ఒక తగువు మొదలైంది. వసారాలో తాళ్ళతో వేలాడదీసిన ఒక చెక్క గురించి తగువు. దాన్ని తేల్చకుండానే వెళ్ళిపోయారు.

మాది గోదావరి కాలవ గట్టుకు దిగువన ఉన్న పేట. గట్టెక్కి అవతలికి నడిస్తే ఊరు. ఊళ్ళోవాళ్ళు గట్టు మీద వెడుతుంటే మావాళ్ళు కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడాలి. ఎత్తయిన దేనిమీదా వాళ్ళ కంట్లో పడేలా కూర్చోకూడదు. వాకిట్లో మంచం ఉంటే గబగబా ఎత్తి గోడకు ఆనించాలి. ఈ కట్టుబాటు ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే కొట్టివేయమని ఎవరినైనా అడగవచ్చు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అట్లతద్దికి ఊళ్ళో ఆడపిల్లలు ఊగే ఉయ్యాలలకు మోకులు ఏటా మా పేట నుంచే వెళ్ళాలి. కొబ్బరి డొక్కలు కాలవ పక్క గుంటల్లో నానేసి, కొట్టి, పీచు తీసి, తాడు పేనేది మా ఆడవాళ్ళు. చెట్టెక్కి కొమ్మకు బిగించి వచ్చేది మా మగవాళ్ళు. కట్టడం అవగానే దూరం జరిగిపోవాలి. తాడు మాది, ఊగు వాళ్ళది. మా పేటలో ఉయ్యాల కట్టడం రాని మగవాడు లేడు, ఉయ్యాల ఎక్కిన ఆడది లేదు.

నేను చిన్నప్పుడు రాజమండ్రిలో మిషను బోర్డింగులో ఉండి చదువుకున్నాను. అక్కడ దొరసానిగారి వసారాలో ఉయ్యాలబల్ల ఉండేది. సూదిపని బాగా చేసిన పిల్లను కాసేపు దానిమీద కూర్చోనిచ్చేవారు. నా సూదిపని అంతంతమాత్రమే అయినా ఆ ఉయ్యాల కోసం వేళ్ళు పొడుచుకుని మరీ కుట్టేదాన్ని. కాపరానికి వచ్చాక ఒకరోజు ఆ ముచ్చట నా భర్తకు చెబుతుంటే వసారాలోనే నడిపే మిషను బడి పలకలు సర్దుతున్న మామగారి చెవిన పడింది. ఆయన అప్పుడేమీ అనలేదు. ఏదైనా చెయ్యదలుచుకుంటే ముందు ఏమీ అనకపోవడం ఆయన పద్ధతి.

మరుసటి వారం లాకుల దగ్గర ఒక పాత పడవను విప్పుతుంటే అందులోంచి టేకు చెక్క ఒకటి అడిగి తెచ్చారు. పొరుగు ఆడవాళ్ళ దగ్గర పీచు తీసుకుని మోకులు తనే పేనారు. పేనిన తాడును తడిపి, వసారా దూలానికి కట్టి, కిందికొసన నా రుబ్బురోలు వేలాడదీశారు. తాడు సాగవలసినంత సాగాలట. కొత్త తాడు మీద ముందు రాయి కూర్చోవాలి, ఆ తరవాతే మనిషి కూర్చోవాలి అని ఆయన మాట. రోలు గాలిలో ఉన్న రోజులన్నీ మా ఇంట్లో పచ్చడి లేదు. ఇదేం చాదస్తమని నేను లోపల గొణుక్కుంటూనే ఉన్నాను, ఆయన వినిపించుకోనట్టే ఉన్నారు.

చివరికి ఉయ్యాల కట్టారు. నన్ను పిలిచి కూర్చోమన్నారు. తను మాత్రం స్తంభానికి ఆనుకుని నేలమీద కూర్చుని నా ముఖం చూస్తున్నారు. ఎలా ఉందమ్మా అని అడిగితే దొరసానిగారి ఉయ్యాల కంటే బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది. అటు ఒకసారి, ఇటు ఒకసారి ఊగానో లేదో గట్టు మీద ఎవరిదో తలపాగా కనిపించింది. మామగారు గొంతు సవరించి దగ్గారు, దిగమ్మా అన్నారు. నేను దిగీ దిగకముందే తాడు కొసలు పట్టి లాగారు. చెక్క ధన్‌మని నేలమీద పడింది. దానిమీద పలకలు పరిచి నలుగురు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టేశారు. గట్టు మీద వెళ్ళినవాడు ఊళ్ళో భూములున్న కామందుగారి పాలేరు. వాడు ఇటు తల కూడా తిప్పలేదు.

అప్పుడు చూశాను ఆ ముడిని. కొస పట్టి ఒక్క లాగు లాగితే ఊడివచ్చేలా వేసిన ముడి అది. అంటే కట్టినప్పుడే విప్పడానికి సిద్ధపడి కట్టారన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. కోడలు మామగారితో వాదించడం తగదని బోర్డింగులోనూ చెప్పారు, మా అమ్మా చెప్పింది. ఆ రెండు చోట్లా నేర్చుకున్నది ఆవేళ పక్కన పెట్టేశాను. ఇలా దించడానికైతే ఎందుకు కట్టారని అడిగాను.

"ముడి వేసేటప్పుడే విప్పే దారి వదులుకోవాలమ్మా," అన్నారు.

"పిల్లలకి అక్షరాలు నేర్పేటప్పుడు కూడా చెరిపే దారి వదులుతారేంటండీ?"

ఆయన కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు. "పలకమీద రాయించేది అందుకేగా," అన్నారు.

ఇలాంటి మనిషితో ఎవరు వాదించగలరు చెప్పండి. తెగేదాకా లాగకూడదు అన్నది ఆయన నోట రోజుకు ఒకసారైనా వినేదాన్ని. అసలు లాగితే కదా తెగేది అని నేనూ రోజుకు ఒకసారైనా అనేదాన్ని. ఉయ్యాల ఎక్కడం, దగ్గు వినబడగానే దిగడం, చెక్క కిందపడటం, మళ్ళీ ఆయన ఓపికగా ఎక్కించి కట్టడం, ఇదే మా ఇంటి వరస అయింది. చూసినవాళ్ళు నవ్వేవారు. నా భర్త అయితే, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందా అని నన్ను ఆటపట్టించేవారు. ఆయనకేం, లాకుల దగ్గర నిలబడి చేసే పని, కూర్చునే తీరిక ఎటూ లేదు.

ఒక వానరోజు, బడికి పిల్లలు రానప్పుడు, నేను మరీ సాధిస్తుంటే ఆయన ఒక కథ చెప్పారు. ఒక్కసారే చెప్పారు. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టినప్పుడు వాళ్ళ నాన్న మట్టి తట్టలు మోశాడట. ఆ పని అయి ఇంటికి వచ్చాక, అలిసిన ఒళ్ళు కదా, గుడిసె ముందు మోకాలెత్తున ఒక అరుగు వేసుకున్నాడట. సాయంకాలం దానిమీద కూర్చునేవాడట. ఊరు ఏమీ అనలేదు. కోతలు వచ్చాయి. మా పేటనుంచి ఒక్కరిని కూడా కోతకు పిలవలేదు. పొరుగూళ్ళ నుంచి మనుషులను తెచ్చుకున్నారు. పేటంతా పస్తులుంటే, అప్పుడు ఆ అరుగును ఆయనే, వాళ్ళ నాన్నే, పలుగు తీసుకుని పగలగొట్టాడట.

"నాకు జీతం మిషను ఇస్తుందమ్మా. పేటని కోతలకి పిలిచేది ఊరు. మా అయ్య అరుగు వేశాడు గాని, తీసే దారి వదల్లేదు. అందరి ముందూ పలుగు పట్టాల్సొచ్చింది," అన్నారు.

ఆయన ముడి ఎందుకు అలా వేస్తారో అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం పోతుందా? ఇంకా పెరిగింది. ఎప్పుడో పగిలిన అరుగు కోసం ఈ మనిషి జన్మంతా నేలమీద కూర్చోవలసిందేనా అనిపించింది. ఎందుకంటే అప్పటికి నేను ఇంకోటి కూడా గమనించాను. ఆ ఉయ్యాల మీద ఆయన ఎన్నడూ కూర్చోలేదు. గట్టు మీద నరపురుగు లేనప్పుడు కూడా కూర్చోలేదు. నాకోసం కట్టారు, పిల్లలను ఎక్కించారు, తను మాత్రం స్తంభం దగ్గరే. ఈయనను ఊరివాళ్ళ ఎదుట ఒక్కసారైనా దానిమీద కూర్చోబెట్టాలన్నది నా పంతం.

అట్లతద్ది దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం ఆయన లేని సమయం చూసి ఎత్తుపీట వేసుకుని ఎక్కాను. ఆయన ముళ్ళు విప్పి పీటముళ్ళు వేశాను. వేసి ఊరుకోలేదు, చెంబుతో నీళ్ళు పోశాను. తడిసిన కొబ్బరితాడు ఎలా బిగుసుకుంటుందో మా పేటలో పసిపిల్లకు కూడా తెలుసు. చేసినందుకు అప్పుడూ చింతించలేదు, ఇప్పుడూ చింతించడం లేదు.

నేను అనుకున్నది ఏ పాలేరో వస్తాడని. మర్నాడు వచ్చింది కామందుగారే. మా పేటవాళ్ళలో సగంమంది ఆయన చేలలోనే పని చేసేవారు. కూతురికి పెళ్ళయ్యాక వచ్చిన మొదటి అట్లతద్దట, మోకులు గట్టివి కావాలని చెప్పడానికి తనే గట్టు దిగి వచ్చారు. మామగారు దగ్గారు, నేను లోపలికి వెళ్ళాను, ఆయన కొస పట్టి లాగారు. ఊడలేదు. మళ్ళీ లాగారు. దూలం వైపు చూశారు. తలుపు వైపు చూశారు. తలుపు సందులోంచి నేనూ ఆయననే చూస్తున్నాను. ఇప్పుడేం చేస్తారో చూద్దాం అనుకున్నాను. ఇక దించలేరు. ఉయ్యాల నాది అని చెప్పాలి, లేదా కూర్చోవాలి.

ఆ రెండూ చెయ్యలేదు మా మామగారు. గోడవారన ఉన్న పుస్తకాల దొంతర ఎత్తి ఆ చెక్కమీద పెట్టారు. దానిమీద పలకలు. వాటిమీద సిరాబుడ్డి. కామందుగారు వాకిట్లోకి వచ్చేసరికి చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు.

అదేంటి పంతులూ, ఉయ్యాల వేశావా అని అడిగారు కామందుగారు. ఉయ్యాల కాదండి, చెదల బాధ పడలేక పుస్తకాలకి ఉట్టి కట్టానండి అని మామగారి జవాబు. పుస్తకాలకి ఉట్టా అని కామందుగారు కడుపుబ్బ నవ్వారు. బాగుందన్నారు. తమ ఇంట్లో దస్తరాలకు కూడా చెదలు పడుతున్నాయని, అలాంటిది తమకూ ఒకటి కట్టిపెట్టమన్నారు. వెడుతూ వెడుతూ వెనక్కి తిరిగి, "పుస్తకాలెక్కితే తప్పులేదు గాని, మనుషులెక్కేరు, జాగర్త," అన్నారు. దానికి ఆయనా నవ్వారు, మా మామగారూ నవ్వారు. తలుపు వెనక నేను పళ్ళు కొరుక్కున్నాను.

నా ముడి వల్ల జరిగింది ఇదీ. ఉయ్యాల శాశ్వతంగా పైకెక్కింది, దానిమీద పుస్తకాలు శాశ్వతంగా కూర్చున్నాయి. నాకు చోటు లేదు. అంతకుముందు దగ్గు వినబడేదాకా అయినా ఊగేదాన్ని.

అయితే ఆ మాట పేటంతా పాకింది. ఏడాది తిరగకుండా ఇంటింటి చూరు కిందా ఒక చెక్క వేలాడింది. ఒకరికి బియ్యపు కుండకు ఉట్టి కావాలి, ఒకరికి పక్కబట్టలకు, ఒకరికి విత్తనాల మూటకు. లోకంలో ఉన్న చెదలన్నీ మా పేటకే వచ్చాయా అన్నట్టుండేది. అన్నిటికీ తాళ్ళు కట్టింది మామగారే. ప్రతి ఇంటికీ వెళ్ళి, రాయి వేలాడదీసి, తాడు సాగదీసి, ముడి వేసి, వాళ్ళు ఎక్కి కూర్చునేలోగా ఏదో పని ఉందని వచ్చేసేవారు. సాయంకాలం అయితే కుండలు దించి జనం కూర్చునేవారు. గట్టు మీద మనిషి కనిపిస్తే మొదటి ఇంట్లో దగ్గు, దాని వెనక రెండో ఇంట్లో దగ్గు, అలా చివరి ఇంటిదాకా వెళ్ళేది. కుండలు మళ్ళీ పైకెక్కేవి. పేటకంతా ఉయ్యాలలు కట్టి తను నేలమీద కూర్చునే మనిషిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

రానురాను కొందరు దగ్గుకు లేవడం మానేశారు. ముందుగా మానేసింది చంటిబిడ్డ తల్లి ఒకతె. పిల్లాడు అప్పుడే నిద్రపోయాడట, లేస్తే ఏడుస్తాడని కూర్చునే ఉంది. పాలేరు చూసి వెళ్ళిపోయాడు. ఆ ఏడు కోతలకు ఆమెను పిలవరేమోనని మామగారికి తిండి సహించలేదు. పిలిచారు. నేను సంబరంగా ఆ కబురు చెబితే ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఆ సంగతి గట్టిగా అనకమ్మా అన్నారు.

మా ఉయ్యాల సంగతి కూడా చెప్పాలి. మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు వెళ్ళినప్పుడు నేను పుస్తకాలను ఒక పక్కకు నెట్టి, మిగిలిన జానెడు చోటులో ఎలాగో సర్దుకుని కూర్చునేదాన్ని. ఆయన చూడనట్టే ఉండేవారు. కొన్నాళ్ళకు నాకు చోటు సరిపోతున్నట్టు అనిపించింది. ఇంకొన్నాళ్ళకు చంకలో బిడ్డతో కూడా సరిపోయింది. చూస్తే, పరిచి పెట్టిన పుస్తకాలను ఆయన ఒకదానిమీద ఒకటి పేరుస్తూ వస్తున్నారు. దొంతర ఎత్తు పెరుగుతోంది, వెడల్పు తగ్గుతోంది. అలాంటి మంచితనం చూస్తే కోపం తెచ్చుకోవడానికి కూడా వీలుండదు, అదీ నా బాధ.

ఈ వానాకాలం మొదట్లో ఆయనకు ఉబ్బు వచ్చింది. కాళ్ళు బాగా వాచాయి. పడుకుంటే ఊపిరాడదు, నేలమీద కూర్చుంటే లేవలేరు. ఎత్తుమీద, కాళ్ళు కిందికి వదిలి కూర్చోబెట్టమని మిషను వైద్యుడు చెప్పాడు. నేను ఇంకేమీ ఆలోచించలేదు. దొంతరంతా దించి చాపమీద పెట్టేశాను. పుస్తకాలు కింద పెడితే చెదలు తింటాయమ్మా అని ఆ ఆయాసంలోనే మొదలుపెట్టారు. తింటే తిననీయండి అన్నాను. ఆయన చాలాసేపు గింజుకున్నారు. చివరికి నా భర్త రెండు చేతులతో ఎత్తి కూర్చోబెట్టేశారు. నేను వెనక తాడుకు తలగడ కట్టాను.

అలా ఎక్కారు మా మామగారు ఉయ్యాల. చేతులతో తాళ్ళు పట్టుకుని, పాదాలు నేలకు గట్టిగా ఆనించి, కొత్తగా పడవెక్కినవాడిలా బిగుసుకుని కూర్చున్నారు. చెక్కను వెంట్రుకవాసి కదలనివ్వలేదు. అయినా ఊపిరి సులువుగా ఆడింది.

ఆయనకు బాగాలేదని విని ఒకరోజు కామందుగారు వచ్చారు. ఆయనా ముసలివారయ్యారు. గొడుగు వేసుకుని గట్టు దిగుతుంటే మొదటి ఇంట్లో దగ్గు వినబడింది. నేను మామగారి వెనక, గుమ్మంలో ఉన్నాను. మామగారు ఒక చేత్తో తాడు వదిలారు. ముందుకు వంగారు. వద్దండీ, లేవకండి అని లోపలే అనుకుంటూ నేను గుమ్మం పట్టుకున్నాను. వంగిన మనిషి అలాగే కాసేపు ఉండి, మళ్ళీ వెనక్కి, తలగడకు ఆనుకున్నారు.

కామందుగారు చూరు నీళ్ళు పడని దూరంలో వాకిట్లో నిలబడ్డారు. కాసేపు చూశారు. అటూ ఇటూ ఇళ్ళ వసారాల్లో జనం ఇటే చూస్తున్నారు.

"కూర్చో పంతులూ, కూర్చో. పరవాలేదు," అన్నారు కామందుగారు.

"కూర్చునే ఉన్నానండి," అన్నారు మామగారు.

ఆ గొంతులో మర్యాద ఏమీ తగ్గలేదు. ఎప్పుడూ అనేంత మెత్తగానే అన్నారు. కామందుగారు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. మందేం వాడుతున్నావని అడిగారు, కొబ్బరి బొండాలు పంపిస్తానన్నారు, వెనక్కి తిరిగారు.

నేను ఆనందం పట్టలేకపోయాను. ముందుకు వచ్చి, ఇన్నేళ్ళకు మీరే గెలిచారండీ అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఏంటమ్మా గెలిచేది? లేవడానికి ఓపిక లేక కూర్చున్నాను. కాళ్ళు నిలిస్తే లేచేవాణ్ణే," అన్నారు.

చూశారా? ఇదీ ఆయనతో వచ్చిన చిక్కు. ఒక్క మాట, అవునమ్మా అని ఒక్క మాట అని ఉంటే ఏం పోయింది? ఆ మాట కోసం నేను పెళ్ళయినప్పటి నుంచి కాచుకుని ఉన్నాను. విసురుగా లోపలికి వెళ్ళి గంజి గిన్నె పొయ్యిమీద నుంచి దించాను. ఆ చప్పుడు ఆయనకు వినిపించాలనే దించాను. గిన్నె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను.

ఆయనకు నేను వచ్చిన సంగతి తెలియదు. గట్టు వైపు చూస్తున్నారు. కామందుగారి గొడుగు ఇంకా కనుమరుగు కాలేదు, వాన తుంపరలో మెల్లగా వెడుతోంది. మా మామగారు వాచిన కాలి బొటనవేలితో నేలను ఒక్కసారి తన్ని, రెండు పాదాలూ పైకి తీసుకున్నారు.